బరంపురం నీళ్ల లెక్క కంప్యూటరుకు అప్పగించవచ్చా?

ఋషికుల్య ఒడ్డు: నీటి మీటర్లు, కరెంటు వాడకం, చెత్త బండ్ల జీపీఎస్, వాన లెక్కలు అన్నీ ఒకచోట చేర్చి చదివే బిగ్ డేటా పద్ధతి మన బరంపురానికి కావాలని నా వాదన. 2015లో స్మార్ట్ సిటీల పథకం వచ్చినప్పుడు ఒడిశాలో భువనేశ్వర్, రవుర్కెలా ఎంపికయ్యాయి. మనకు ఆ అవకాశం రాలేదు. 2011 లెక్కల్లోనే మూడున్నర లక్షలు దాటిన ఊరు ఇది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. ఇప్పుడు ఎందరు ఉన్నారో తెలియకుండా నీళ్లు ఎలా పంచుతారు? పైపుల్లో ఎంత కారిపోతోందో కూడా డేటాతో తెలుస్తుంది. రాత్రి రెండు, మూడు గంటలకు జనం నిద్రలో ఉన్నా నీళ్లు పారుతున్నాయంటే అది చాలావరకు లీకేజీయే.

పాత వాల్వుమన్: బాబూ, ముప్పై ఏళ్లు వాల్వులు తిప్పిన చేతులివి. రాత్రి లెక్క ఇరవై నాలుగు గంటలూ నీళ్లు వచ్చే ఊరికి పనికొస్తుంది. మా వీధిలో రాత్రి పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపులో లీకేజీ ఎలా కనిపిస్తుంది?

ఋషికుల్య ఒడ్డు: అందుకే అన్ని వేళలా నీళ్లు ఇవ్వాలి. 2021 జూలైలో పూరీలో కుళాయి నీళ్లు నేరుగా తాగేలా రోజంతా సరఫరా మొదలైంది. పూరీ చేసింది మనం ఎందుకు చేయలేం?

పాత వాల్వుమన్: పూరీ మాట తర్వాత. మీటరు సంగతి చెప్పండి. నీళ్లు వదలగానే ముందు పైపులోని గాలి తోసుకొస్తుంది. ఆ గాలికి కూడా మీటరు గిర్రున తిరుగుతుంది. మా అన్నయ్య ఇంట్లో పట్టుకు రంగులద్దుతారు. రాని నీళ్లకు బిల్లు వచ్చింది. కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాడు. కంప్యూటరులో అలాగే ఉందన్నారు. అంతే.

గంజాం చిన్నోడు: మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

ఋషికుల్య ఒడ్డు: ఒక్క మీటరు తప్పు చూపితే మొత్తం లెక్కే వద్దంటారా? 1999 తుపానులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో 10 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఉపగ్రహాలు, రాడార్లు ఇచ్చిన లెక్కే కదా కాపాడింది!

పాత వాల్వుమన్: రాడారు హెచ్చరించింది, కాదనను. ఆ రాత్రికి ముందు మైకు పట్టుకుని వీధివీధికీ తిరిగింది ఎవరు? ముసలివాళ్లను ఎత్తుకుని షెల్టరుకు చేర్చింది ఎవరు? వాళ్ల పేర్లు ఏ లెక్కలోనూ లేవు.

ఇచ్ఛాపురం లక్ష్మి: మీరిద్దరూ అసలు విషయం వదిలేశారు. గంజాం, పూరీ జిల్లాల మురికివాడల్లో డ్రోన్లతో ఇళ్లను కొలిచారు గుర్తుందా? మురికివాడల వాళ్లకు ఒడిశా 2017 చట్టం ప్రకారం భూమి హక్కు ఇవ్వడానికి. ఆ కొలతలో వాడవాళ్లే పక్కన నిలబడ్డారు. ఎవరి హద్దు ఎక్కడో వాళ్లే చెప్పారు. అందుకే ఆ లెక్కను జనం నమ్మారు.

ఋషికుల్య ఒడ్డు: అమ్మా, అది కొన్ని వేల ఇళ్ల పని. ఊరంతటికీ మనిషి మనిషినీ అడుగుతూ కూర్చుంటే వానాకాలం దాటిపోతుంది. అడ్డం పడేవాళ్ల వల్లే ఈ ఊరు ఇలా ఉంది.

పాత వాల్వుమన్: అడ్డం పడేవాణ్ణా నేను? ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే చివరి వీధికి నీళ్లు అందుతాయో నా చేతికి తెలుసు. ఉద్యోగం దిగిపోయిన రోజున కూడా దాన్ని ఎవరూ రాసుకోలేదు. రెండేళ్లకోసారి ఠకురాణి అమ్మవారి యాత్రలో నెల పొడుగునా ఊరు నిండిపోతుంది. అప్పుడు ఏ పైపు ఎలా ఇబ్బంది పెడుతుందో ఏడాది సగటులో కనిపించదు. రంగులద్దే ఇంటికి ఎక్కువ నీళ్లు పడతాయి. మీ లెక్క దాన్ని దుబారా అంటుంది. మమ్మల్ని చదువుతారు, మాకు మాత్రం చూపించరు. నా కోపం అక్కడ.

ఇచ్ఛాపురం లక్ష్మి: వాల్వుమన్ గారూ, ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

ఋషికుల్య ఒడ్డు: అడ్డం పడేవాళ్లు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంటింటి వాడకం అందరికీ చూపిస్తే ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉందో దొంగకూ తెలుస్తుంది. వ్యక్తిగత డేటాకు 2023లో చట్టమే వచ్చింది. ఇంటి నంబరు పెట్టడానికి నేను ఒప్పుకోను.

పాత వాల్వుమన్: ఇంటి నంబరు నేను అడగలేదు. వీధికి ఎన్ని లీటర్లు వదిలారు, ఎన్ని గంటలు వదిలారు, అది వార్డు గోడ మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి.

ఋషికుల్య ఒడ్డు: అది చేయవచ్చు. మీటర్లు చదవడానికి వచ్చే జలసాథి మహిళలే రాయవచ్చు.

పాత వాల్వుమన్: యాత్ర నెల విడిగా రాయాలి. రంగులద్దే ఇళ్లకు ధర వేరుగా ఉండాలి.

ఋషికుల్య ఒడ్డు: మొదటిది సరే. ధర మాటకు నేను ఒప్పుకోలేదు.