అప్‌డేట్: నవలలు విసుగొచ్చిన అమ్మకు పుస్తకం దొరికింది

రెండు నెలల క్రితం అడిగాను: నవలలు చదివి విసిగిన అమ్మకు తెలుగులో మంచి చరిత్ర, ఆత్మకథ, సైన్సు పుస్తకాలు చెప్పమని. ఏదిచ్చినా ముప్పై పేజీలకే పక్కన పెట్టేసేది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చివరికి నెగ్గింది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ప్రయాణం అది. పాత భాష కావడంతో మొదట ఇదీ మూలకే చేరింది. 'మొదటి పేజీ వదిలేయండి, మీ ఊరి దారి వచ్చే చోట తెరవండి' అన్న సలహా పనిచేసింది. మాది కడప. ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో, ఎన్ని ఆమడల దూరమో ఆయన రాసుకుంటూ పోతే, అమ్మ అవన్నీ నాకు పైకి చదివి వినిపించింది! తర్వాత తనంతట తానే వెనక్కి వెళ్లి మొదటి నుంచి మొదలుపెట్టింది.

అక్షరాల సైజే అసలు సమస్య అనుకుని కళ్లద్దాలు మార్పించాను. దానికీ దీనికీ సంబంధం లేదు. మహీధర నళినీమోహన్ సైన్సు పుస్తకం ప్రస్తుతం నేనే చదువుతున్నాను. అమ్మ టంగుటూరి ప్రకాశం 'నా జీవితయాత్ర' తెప్పించమంది.