‘కాగా’ అంటే ఏమిటి? ఈస్టరు అధ్యాయంలోని ఆఖరి వచనం గురించి

ఈస్టరు రోజులు కాబట్టి ఒక వచనం పట్టుకొచ్చాను. చాలామందికి కంఠతా వచ్చిందే.

“కాగా నా ప్రియ సహోదరులారా, మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని యెరిగి, స్థిరులును, కదలనివారును, ప్రభువు కార్యాభివృద్ధియందు ఎప్పటికిని ఆసక్తులునై యుండుడి.” 1 కొరింథీయులకు 15:58. అంటే కొరింథు ఊరి విశ్వాసులకి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో, క్రీస్తు మళ్లీ లేవడం గురించిన 15వ అధ్యాయంలో ఆఖరి వచనం.

నా గొడవంతా మొదటి మాటతోనే. రోజూ పేపరు చదివేవాళ్లని ‘కాగా’ అంటే ఏమిటని అడగండి, ‘ఇదిలా ఉండగా’ అంటారు. మంత్రిగారు ఏదో అన్నారు, కాగా ప్రతిపక్షం దాన్ని ఖండించింది. అంటే ఒక సంగతి అయిపోయింది, పక్క సంగతిలోకి వెళ్తున్నాం అని. ఆ అలవాటుతో ఈ వచనం చదివితే ఎలా వినిపిస్తుందో చూడండి: క్రీస్తు లేవడం, కడబూర మ్రోగడం, మరణం ఓడిపోవడం అన్నీ చెప్పేశాను, కాగా మీరు బుద్ధిగా పనిచేసుకోండి. పెద్దవాళ్లు మైకు దించేముందు చెప్పే నాలుగు మంచి మాటల్లాగా! నేను విన్న ఈస్టరు ప్రసంగాల్లో సగానికి సగం ఈ వచనాన్ని అలాగే వాడుకున్నాయి.

బైబిలు తెలుగులో ‘కాగా’ అంటే ‘అది అలా అయింది కాబట్టి’ అని. “కాగా ఎవడైనను క్రీస్తునందున్నయెడల వాడు నూతన సృష్టి” అన్నచోట ‘ఇదిలా ఉండగా’ పెట్టి చదవండి, ఎంత అసందర్భంగా ఉంటుందో. పౌలు రాసిన గ్రీకులో ఈ రెండు చోట్లా ఒకటే మాట, ‘హోస్తె’. మరో మాటలో చెప్పాలంటే, అంతకుముందు 57 వచనాలూ కారణం, 58వది ఆ కారణం వల్ల మన చేతికొచ్చిన పని. ఈస్టరుకీ మామూలు రోజుకీ ఏమిటి సంబంధం అని అడిగేవాళ్లకి పౌలు ఇచ్చిన జవాబు ఆ ఒక్క ‘కాగా’లో ఉంది, మనం దాన్ని పేపరు భాషలో చదివి పోగొట్టుకుంటున్నాం.

ఇంకో చిన్న సంగతి. పౌలు ఉత్తరానికి అధ్యాయాల నంబర్లు వేసుకోలేదు. ఆ విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, వచనాల నంబర్లయితే 1551లో. ఆ నంబర్లు తీసేస్తే “ఓ మరణమా, నీ ముల్లెక్కడ?” అన్నాక మూడు వచనాలు దాటేసరికి ఏమొస్తుందో తెలుసా? “పరిశుద్ధులకొరకైన చందా విషయమైతే…” అవును, చందా! మరణాన్ని నిలదీసిన నోటితోనే ప్రతి ఆదివారం ఎవరి రాబడిని బట్టి వాళ్లు కొంత సొమ్ము పక్కన పెట్టండి, నేను వచ్చాక వసూళ్లు పెట్టుకోవద్దు అంటున్నాడు. యెరూషలేములో ఇబ్బందిపడుతున్న విశ్వాసుల కోసం ఆ డబ్బు. మన పుస్తకాల్లో ఇక్కడ అధ్యాయం మారిపోతుంది కాబట్టి ఈస్టరు వేరు, చందా వేరు అయిపోయాయి.

మీరేమంటారు?

వ్యాఖ్య: ‘కాగా’ సంగతి బాగా పట్టారు మాస్టారూ. నాకు ‘వ్యర్థము’ మీద డౌటు. ఇప్పుడు ‘వ్యర్థాలు’ అంటే చెత్త. ఆసుపత్రి వ్యర్థాలు, ప్లాస్టిక్ వ్యర్థాలు. మా పిల్లలకి ఈ వచనం చెప్తే ‘మీ కష్టం చెత్త కాదు’ అని అర్థం చేసుకున్నారు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జవాబు: పిల్లలు మరీ అంత తప్పేం అనలేదండీ. సంస్కృతంలో వి, అర్థ కలిసి వ్యర్థం, ప్రయోజనం పోయినది అని. గ్రీకు మాట ‘కెనోస్’, ఖాళీ, లోపల ఏమీ లేనిది. ఇదే అధ్యాయంలో అది ఇంకా రెండు చోట్ల ఉంది. 10వ వచనంలో దేవుని కృప నాలో “నిష్ఫలము కాలేదు” అన్నచోట ఒకటి. 14లో “క్రీస్తు లేపబడియుండనియెడల మేము చేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే” అన్నచోట మరొకటి. అంటే 14లో ‘ఆయన లేవకపోతే అంతా ఖాళీ’ అని ఒప్పేసుకుని, ‘లేచాడు, కాగా మీ కష్టం ఖాళీ కాదు’ అని 58లో ముడివేశాడు. తెలుగులో 10వ వచనంలో నిష్ఫలం అనీ తక్కినచోట్ల వ్యర్థం అనీ రావడంతో ఆ ముడి సగమే కనిపిస్తుంది.

వ్యాఖ్య: నేను క్రైస్తవుణ్ని కాను, భాష కోసం ఈ గ్రూపులో ఉన్నాను. సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. పునరుత్థానం నమ్మనివాడికి ఈ వచనంతో పనేముంది? కష్టే ఫలి అని మనవాళ్లు ఎప్పుడో అన్నారుగా.

జవాబు: ఏమీ అనుకోనండీ. పౌలు మీకంటే సూటిగానే ఉన్నాడు, 32వ వచనం చూడండి: “మృతులు లేపబడనియెడల రేపు చనిపోదుము గనుక తిందము త్రాగుదము.” నమ్మనివాడితో ‘అయినా సరే మంచిగా బతుకు’ అని బతిమాలడం లేదు. ఇక ‘కష్టే ఫలి’ వేరే మాట. కష్టపడితే ఫలితం దక్కుతుంది అంటుందది. కొన్ని కష్టాలకి ఫలితం దక్కదని మనందరికీ తెలుసు కదా, చిక్కంతా వాటితోనే.

వ్యాఖ్య: ఆ చివరి మాట చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా నాన్నగారు మంచాన పడ్డాక ఆయన్ని చూసుకున్నది నేనే. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి నడుం కింద పెట్టి నా వైపు లాక్కుని, వెనకాల దిండు ఒత్తి, దుప్పటి ముడతలు సాపు చేసేదాన్ని, ముడత ఉన్నా ఒరుసుకుపోతుంది. రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేచేదాన్ని. ఇంతా చేసి ఆయన దక్కలేదు. ‘ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే అయిందమ్మా’ అని ఒకావిడ నన్ను ఓదార్చింది, మంచి మనసుతోనే అంది, కానీ ఇప్పటికీ గుచ్చుకుంటుంది. సమాధి దగ్గర పాస్టరుగారు ఈ అధ్యాయమే చదివారు, ముల్లెక్కడ దగ్గర ఆపేశారు. ఇంకో మూడు వచనాలు చదివి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తోంది ఇప్పుడు.

జవాబు: అమ్మా, దీని ముందు వ్యాకరణం ఏం మాట్లాడను? ఒక్కటి మాత్రం చెప్పాలి. గ్రీకులో ఈ వచనం ‘మీ ప్రయాస ఖాళీ కాదు, ప్రభువులో’ అని ఓదార్పుతో ముగుస్తుంది. తెలుగులో క్రియ చివర రావాలి కాబట్టి ఆ ఓదార్పు మధ్యలోకి వెళ్లిపోయి, ‘ఆసక్తులునై యుండుడి’ అనే ఆజ్ఞ చివరికొచ్చింది. తప్పేమీ లేదు, మన వాక్యం నడక అది. అయితే వినేవాడి చెవిలో మిగిలేది ‘పని చెయ్యి’ అన్న మాటే. అందుకే నేను చదివేటప్పుడు ‘వ్యర్థము కాదని యెరిగి’ దగ్గర కాసేపు ఆగుతాను.

వ్యాఖ్య: ఒక అభ్యంతరం. “ప్రభువు కార్యాభివృద్ధి” అంటే సువార్త పని. 16:10లో తన తోటి పనివాడు తిమోతి గురించి “నావలెనే అతడు ప్రభువు పని చేయుచున్నాడు” అంటాడు, గ్రీకులో కూడా అదే మాట. ఆఫీసు పనీ ఇంటి పనీ ఇందులో కలిపేయడం సాగదీయడమే.

జవాబు: మంచి అభ్యంతరం, సగం ఒప్పుకుంటాను. ఏ పనైనా ప్రభువు పనే అని పౌలు ఇక్కడ అనలేదు. ‘ప్రయాసము’ మాత్రం అంత ఇరుకు మాట కాదు. గ్రీకు ‘కొపొస్’ అంటే ఒళ్లు అలిసేంత కష్టం. “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా” అని యేసు పిలిచినచోటా, “స్వహస్తములతో పనిచేసి కష్టపడుచున్నాము” అని ఇదే ఉత్తరం 4:12లో పౌలు తన గురించి చెప్పుకున్నచోటా దాని క్రియారూపమే ఉంది. ఆ చేతులు డేరాలు కుట్టిన చేతులు. పైగా చందా డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఎవరో ఎక్కడో చెమటోడ్చిన డబ్బే కదా.

వ్యాఖ్య: అన్నా, నాది వేరే బాధ. ఈ వచనం చూపించే నాచేత జీతం లేకుండా నెలల తరబడి పని చేయించుకున్నారు ఒకచోట. అడిగితే ‘ప్రభువునందు వ్యర్థము కాదు బ్రదర్’ అనేవారు.

జవాబు: అలా అన్నవాళ్లు ఆ ఉత్తరం పూర్తిగా చదవలేదు తమ్ముడూ. 9వ అధ్యాయంలో “కళ్లము త్రొక్కుచున్న యెద్దు మూతికి చిక్కము పెట్టవద్దు” అన్న ధర్మశాస్త్రం ఎత్తి చూపించి, పనిచేసినవాడికి కూలి దక్కాల్సిందే అని గట్టిగా వాదించింది ఈ పౌలే. తాను తీసుకోను అన్నాడు, అది ఆయన ఇష్టం, ఇంకొకడి జీతం ఆపే హక్కు దాంతో ఎవరికీ రాదు. బైబిల్లోనే ఇంకో ఉత్తరం రాసిన యాకోబు అయితే “మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది” అన్నాడు. ఈసారి ఎవరైనా 15:58 చూపిస్తే నువ్వు యాకోబు 5:4 చూపించు.

వ్యాఖ్య: ఇంతకీ మీరైతే ఇప్పటి తెలుగులో ఎలా రాస్తారు మాస్టారూ?

జవాబు: ఇలా ప్రయత్నించాను. “అందుకే, నా తోబుట్టువులారా, నిలకడగా ఉండండి, దేనికీ కదలకండి, ప్రభువు పనిలో ఎప్పుడూ ముందుండండి. ఆయనలో మీరు పడే కష్టం వృథా పోదని మీకు తెలుసుగా.” ‘నమ్మి’ అనలేదు, ‘ఎరిగి’ అన్నారు పాతవాళ్లు, అందుకే ‘తెలుసుగా’ పెట్టాను. ‘ముందుండండి’ మాత్రం నాకే నచ్చలేదు. గ్రీకులో పొంగిపొర్లడం అనే భావం ఉంది, ‘ఆసక్తి’ అంటే ఇప్పుడు క్రికెట్ మీద ఉండే ఇంట్రెస్టులా ఉంది.

వ్యాఖ్య: ‘ప్రభువు పనికి లోటు రానివ్వకండి’ అంటే?

జవాబు: లోటు లేకపోవడం వేరు, పొర్లడం వేరు కదండీ. కానీ నాదానికంటే నయమే. ఇంకెవరైనా చెప్పండి.