కొండవీడు: పై చెరువుల దాకా కార్లు వెళ్లనివ్వాలా, కొండ కిందే ఆపేయాలా?

కోటమెట్లు:
పోయిన ఆదివారం కొండవీడు కోటకి వెళ్లొచ్చాను. గుంటూరు నుంచి దగ్గరే కాబట్టి ఏటా ఒకటి రెండుసార్లు వెళ్తుంటాను, ఈసారి మాత్రం మనసు పాడైంది. 2019లో ఘాట్ రోడ్డు వచ్చేదాకా మెట్ల దారే గదా, చెమటలు కారుతూ ఎక్కి పైకి చేరాక చెరువు గట్టున కూలబడితే గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఇప్పుడు అదే గట్టు పక్కన కారు తలుపులు నాలుగూ తెరిచి పాటలు పెట్టారు. నీళ్ల అంచున బిర్యానీ డబ్బాలు, సీసాలు. సొంత బళ్లన్నీ కిందే ఆపి పైకి చిన్న బస్సులు తిప్పాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పేటవాసి:
ఒప్పుకోను అండి. మా అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. చిన్నప్పటి నుంచి రెడ్డిరాజుల కథలు వింటూ పెరిగిన మనిషి, కోట మాత్రం చూడలేదు. పోయినేడు కార్లో తీసుకెళ్తే గట్టు మీద అరగంట కూర్చుని "ఇంత ఎత్తున ఇన్ని నీళ్లేంట్రా" అని అడుగుతూనే ఉంది. ఆ రోడ్డు లేకపోతే ఆమెకి ఆ కోట లేనట్టే. తిరుమలకి 1944లోనే ఘాట్ రోడ్డు వేశారు, అలిపిరి మెట్లెక్కేవాళ్లు తగ్గారా? నడిచేవాళ్లు నడుస్తారు, బండి మీద వచ్చేవాళ్లు వస్తారు.

కోటమెట్లు:
తిరుమలలో ఊడ్చడానికి పెద్ద యంత్రాంగమే ఉంది, ప్లాస్టిక్ సీసాలు అమ్మనివ్వరు కూడా. ఇక్కడ అలా చూసుకునేవాళ్లు ఎవరు? అయినా నేను అమ్మగారిని రావద్దనలేదు, బస్సులో రమ్మంటున్నాను.

నీటిజాడ:
మీరిద్దరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు, నాకు చెరువుల గురించి బెంగ. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు, ఈ మూడింటికీ కొండ మీద కురిసే వానే ఆధారం, కింద నుంచి కాలువేమీ రాదు. కోట అనగానే బురుజులు, గోడలు లెక్కపెడతాం గానీ, రెడ్డిరాజులు ఇక్కడ రాజధాని పెట్టి 1424 దాకా నిలిచారన్నా, ఆ తర్వాత ఒడిశా రాజులైన గజపతులు దీన్ని పట్టుకుని కూర్చున్నారన్నా, 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి మరీ గెలుచుకున్నాడన్నా, పైన తాగడానికి నీళ్లున్నాయి కాబట్టే గదా. నీళ్లు లేని కొండ మీద ఎన్ని గోడలు కట్టినా సైన్యం ఎన్నాళ్లుంటుంది? చెరువుకి ఎగువన బళ్లు ఆపితే వాటి నుంచి కారిన ఆయిల్ మొదటి వానకే నీళ్లలోకి దిగుతుంది. అందుకే రోడ్డు ఉన్నా నాకు అభ్యంతరం లేదు, పార్కింగ్ మాత్రం చెరువుల్లోకి వాన నీళ్లు దిగే వాలులో ఉండకూడదు.

కొండకిందిఊరు:
మాది కొండ కింద పల్లె. సీతాఫలాల కాలంలో మావాళ్లు తెల్లారకముందే కొండెక్కి కాయలు కోసుకొచ్చి రోడ్డు పక్కన గంపలు పెట్టుకుంటారు. కార్లు ఆగకుండా పైకి వెళ్లిపోతాయి, అదే స్పీడుతో దిగిపోతాయి. బళ్లు కిందే ఆగితే మాకూ నాలుగు డబ్బులొస్తాయి కాబట్టి కోటమెట్లు అన్న మాటే నాకు నచ్చింది. కాకపోతే బస్సు టికెట్ మా ఊరివాళ్లకి పెట్టొద్దు, పైన నరసింహస్వామి గుడికి మేం ఎప్పుడూ వెళ్తుంటాం. చీకటి పడేదాకా బస్సు ఉండాలి, సాయంత్రం ఐదింటికే ఆపేస్తే పైన చిక్కుకుపోయినవాళ్లు అడవిలో నడిచి దిగాలి.

పేటవాసి:
నీటిజాడ గారి మాట నేను ఆలోచించలేదు, నిజమే. కానీ బస్సు మెట్టు ఎక్కడమే మా అమ్మకి కష్టం. పెద్దవాళ్లు, దివ్యాంగులు ఉన్న కారుని పైకి పంపి, మనుషుల్ని దింపాక వెనక్కి రమ్మంటే?

కోటమెట్లు:
దింపి వెనక్కి వచ్చే పనైతే నాకు సమ్మతమే. గట్టు పక్కన రోజంతా ఆపుకోవడం మాత్రం ఎవరికైనా వద్దు, మా ఇంట్లోవాళ్లకైనా సరే.

పేటవాసి:
మరి మధ్యలో వాన వస్తే? పైన నిలబడటానికి ఒక షెడ్డు ముందు వేయించమనండి, అప్పుడు నేనూ మీ పక్షమే.