అన్నీ ఒకే బండిలో పోసేస్తుంటే ఇంట్లో చెత్త వేరు చేయడం ఎందుకు?

కొత్తచిగురు:
మాది శివారు కాలనీ. ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెడతాం, కాగితం, సీసాలు, డబ్బాలు మళ్లీ విడివిడిగా. డబ్బాలు కడిగి, మూతలు తీసి, ఆరబెట్టి ఇంత చేస్తే, బండి వచ్చాక అన్నీ కలిపి ఒకే దాంట్లో గుమ్మరిస్తున్నారు. ఇంట్లోవాళ్లు ఇక ఈ చాకిరీ ఆపేద్దామంటున్నారు. దీనివల్ల నిజంగా ఏమైనా జరుగుతోందా, లేక మన తృప్తి కోసమేనా? కారణాలతో చెప్పండి, నేను వాళ్లకి చూపించాలి.

ఉత్తరగాలి:
ఆపేయండి అనే చెప్తాను. 2017లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది సుమారు 9 శాతం. 12 శాతం కాల్చేశారు. మిగతా 79 శాతం డంపింగ్ యార్డుల్లోనో, బయట నేలమీదా నీళ్లలోనో ఉంది. దశాబ్దాలుగా జనం సీసాలు కడుగుతూ వచ్చాక తేలింది ఇది! 2018లో చైనా విదేశీ చెత్త కొనడం చాలావరకు ఆపేయగానే, చక్కగా వేరు చేసిన సరుకుని కూడా ధనిక దేశాల్లో చాలా ఊళ్లు పూడ్చేశాయి, కాల్చేశాయి. అసలు తప్పు మనదే అనే ఆలోచన మనకెవరు పెట్టారో కూడా చూడండి. అమెరికాలో 1953లో మొదలైన, చెత్త బయట పారేయొద్దని ప్రచారం చేసే కీప్ అమెరికా బ్యూటిఫుల్ అనే సంస్థ వెనక ఉన్నది సీసాలు, డబ్బాలు తయారుచేసే కంపెనీలే, కాలుష్యానికి కారణం మనుషులే అని 1971లో టీవీలో ప్రకటన వేసింది కూడా ఆ సంస్థే. తయారుచేసేవాడిని వదిలేసి గృహస్థుని పట్టుకున్నారు. మీ సమయం కంపెనీలని నిలదీయడానికి పెట్టండి.

మట్టిబెడ్డ:
ఉత్తరగాలి గారూ, మీ అంకెలు నిజమే, కానీ అవి ప్లాస్టిక్ అంకెలు. వాటిని పట్టుకుని మొత్తం చెత్త గురించి తీర్పు చెప్పడం సరికాదు. అల్యూమినియం డబ్బా కరిగించి మళ్లీ డబ్బా చేస్తే, ఖనిజం నుంచి కొత్తగా తీసేదానికన్నా దాదాపు 95 శాతం శక్తి మిగులుతుంది, ఎన్నిసార్లు కరిగించినా లోహం గుణం పోదు. గాజు కూడా అంతే, మళ్లీ మళ్లీ గాజే అవుతుంది. కాగితం పీచు మాత్రం ప్రతిసారీ పొట్టిదవుతుంది కాబట్టి ఐదు నుంచి ఏడుసార్లకి అయిపోతుంది, అయినా ఒక్కసారికన్నా నయమే కదా.

ఇక కొత్తచిగురు గారి అసలు ప్రశ్న. ముందు ఒకటి కనుక్కోండి: ఆ బండిలో కలిపేది తడీ పొడీనా, లేక పొడి సరుకులన్నీ ఒకచోటా? పొడివన్నీ కలిపి తీసుకెళ్లి తర్వాత కేంద్రంలో విడదీసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఇనుముని అయస్కాంతాలు లాగేస్తాయి, అల్యూమినియంని వేరే యంత్రం పక్కకి తోసేస్తుంది, మిగతావి చేతులతోనో కెమెరాలతోనో ఏరతారు. అలాగైతే మీ కష్టం వృథా కావడం లేదు. తడీ పొడీ కలిపేస్తుంటే మాత్రం మీ బాధ న్యాయమే, ఎందుకంటే తడిసి జిడ్డంటిన కాగితం ఇంక ఏ మిల్లుకీ పనికిరాదు. కానీ దానికి మందు వేరు చేయడం మానేయడం కాదు, తడి చెత్తని గేటు దాటనివ్వకపోవడం. అది బండిలో పడకపోతే బండివాళ్లు ఎలా కలిపినా మీ పొడి సరుకుని మీ చెత్త పాడుచేయదు. శివారు ఇళ్లకి ఉన్న పెద్ద వసతి కాస్త నేల. దాన్ని వాడుకోకుండా మూడు బుట్టల గురించి గొడవ పడుతున్నాం.

తడి చెత్త డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు దాటుతుంది. అదే తడి చెత్త పెరట్లో గాలి తగులుతూ కుళ్లితే ఎరువు. ఇందులో ఏ కంపెనీతోనూ పని లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పక్కవీధి:
చెప్పడానికి బాగుంటుందండీ. వాసన, పురుగులు, ఎలుకలు. పక్కింట్లో కంపోస్టు గొయ్యి పెట్టాక మేం కిటికీ తెరవడం మానేశాం. మీ పర్యావరణం కోసం ఇరుగుపొరుగు ఇబ్బంది పడాలా?

మట్టిబెడ్డ:
ఇబ్బంది పడకూడదు. మీరు చెప్పింది బాధ్యత లేకుండా చేసిన పని, పద్ధతి తప్పు కాదు. కంపోస్టు కంపు కొడుతోందంటే లోపల గాలి లేదనో, నీరు ఎక్కువైందనో, పచ్చి సరుకు మోతాదు మించిందనో అర్థం. కూరగాయల తొక్కు ఒక వంతు వేస్తే, ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో, రంపపు పొట్టో రెండు మూడు వంతులు పైన కప్పాలి. ఎప్పుడు వేసినా తొక్కు పైకి కనబడకూడదు. గుప్పిట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. అప్పుడప్పుడూ తిరగెయ్యాలి. మాంసం, నూనె పదార్థాలు, వండిన మిగులు వేస్తే ఎలుకలు రాక మానవు, అవి అందులో వేయొద్దు, డబ్బాకి అడుగున సన్నటి ఇనుప జాలీ, పైన గట్టి మూత ఉండాలి. మీ పొరుగువాళ్లకి ఎండుటాకులు ఒక బస్తా ఇచ్చి చూడండి, చాలావరకు సమస్య అక్కడే తీరుతుంది.

కంపోస్ట్ అవుతుందని రాసి ఉన్న ప్లాస్టిక్ కప్పులు, సంచులు ఇందులో వేసేవాళ్లకి ఒక మాట. పీఎల్‌ఏ (మొక్కల పిండి, చక్కెరల నుంచి చేసే ప్లాస్టిక్) లాంటివి విడిపోవాలంటే 60 డిగ్రీల దాకా వేడి నిలిచే పెద్ద ప్లాంటు కావాలి, పెరటి కుప్పలో ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి.

ఉత్తరగాలి:
కంపోస్టు సంగతి ఒప్పుకుంటున్నాను, దాని మీద నాకు ఎప్పుడూ అభ్యంతరం లేదు. నా ఫిర్యాదు ప్లాస్టిక్ మీద. ఆ డబ్బాలు కడగడానికి అయ్యే నీళ్లు, రీసైక్లింగ్ కేంద్రం దాకా కారులో పోవడానికి అయ్యే పెట్రోలు ఎవరు లెక్కేస్తారు? పైగా ప్రతిదాని మీదా త్రికోణం గుర్తు ఉంటుంది, చూసి జనం మోసపోతున్నారు.

మట్టిబెడ్డ:
త్రికోణం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ త్రికోణం లోపల 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టిన అంకె అది ఏ రకం ప్లాస్టికో చెప్తుంది, అంతే, రీసైకిల్ అవుతుందని హామీ కాదు. మామూలుగా 1, 2 అంకెల సీసాలకి కొనేవాళ్లుంటారు, కొన్నిచోట్ల 5కి కూడా. 3, 6, 7, పొరలు పొరలుగా అతికించిన మెరుపు ప్యాకెట్లు చాలాచోట్ల ఎవరూ తీసుకోరు. ఎక్కడో ఎవరో రీసైకిల్ చేస్తారులే అనుకుని వాటిని కూడా రీసైకిల్ బుట్టలో పడేస్తే మంచి సరుకు కూడా తిరస్కరణకి గురవుతుంది. అనుమానం ఉంటే మామూలు చెత్తలో వేయడమే మేలు. బ్యాటరీలు, పాత ఫోన్లు మాత్రం ఏ బుట్టలోనూ వద్దు, లిథియం బ్యాటరీ బండిలో నలిగితే మంటలొస్తాయి, ఆ బండి మీద పనిచేసేది మనుషులు.

నీళ్ల గురించి: డబ్బా తళతళలాడాల్సిన పని లేదు, గిన్నెలు తోమాక మిగిలిన నీళ్లతో ఒకసారి కడిగితే చాలు. కారు విషయంలో మీ మాటే కరెక్టు, సీసాల కోసమే ప్రత్యేకంగా వెళ్లొద్దు. పోగుచేసి, ఎలాగూ అటు వెళ్లే రోజున తీసుకెళ్లాలి.

కొత్తచిగురు:
మరి గుడ్డ సంచులు? మా ఇంట్లో ఇప్పటికే బోలెడు పేరుకుపోయాయి, ఎక్కడికెళ్లినా ఒకటి ఇస్తున్నారు.

మట్టిబెడ్డ:
ఇంక తీసుకోకండి. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ లెక్కగట్టింది: వాతావరణం ఒక్కటే చూస్తే మామూలు పత్తి సంచిని కనీసం 52 సార్లు వాడితేనే పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం. నీరు, ఓజోన్ పొర మీద ప్రభావం లాంటివన్నీ కలిపి చూస్తే ఆ సంఖ్య 7,100కి పోతుంది. ప్లాస్టిక్ సముద్రంలో కలిస్తే జరిగే నష్టం ఆ లెక్కలో లేదు, అది గుర్తుంచుకోవాలి. అయినా కొత్త సంచి కొనడం పుణ్యకార్యం కాదు, ఉన్నదాన్ని చిరిగేదాకా వాడి, చిరిగితే కుట్టుకుని మళ్లీ వాడాలి.

ఉత్తరగాలి గారూ, కంపెనీలని నిలదీయాలన్న మీ మాటని నేను కొట్టిపారేయడం లేదు. జర్మనీ 1991లోనే ప్యాకేజింగ్ బాధ్యత తయారీదారుల మీద పెట్టింది, 2003లో వాడి పారేసే సీసాలకి డిపాజిట్ తెచ్చింది, ఇప్పుడు ఆ సీసాలు దాదాపు అన్నీ వెనక్కి వస్తున్నాయి. అలాంటి చట్టం రావాలి, గట్టిగా అడగాలి. కానీ వెనక్కి వచ్చిన సీసా శుభ్రంగా, విడిగా ఉంటేనే దాన్ని మళ్లీ సీసాగా చేయగలరు. చట్టం వచ్చేదాకా బుట్ట ముట్టుకోనంటే నేను ఒప్పుకోలేను.

ఉత్తరగాలి:
చట్టం లేకుండా బుట్టలతో సరిపెట్టుకుంటే కంపెనీలకి అదే కావాలి. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఎరువు వరకు ఓకే.

కొత్తచిగురు:
ఇద్దరికీ థాంక్స్. రేపు బండి వచ్చినప్పుడు ఆ సరుకు ఎక్కడికి పోతోందో వాళ్లనే అడుగుతాను. తడి చెత్త మాత్రం ఈ వారం నుంచి పెరట్లోకే, మూత ఉన్న పాత డ్రమ్ము ఒకటి ఉంది. గాలికి రంధ్రాలు పక్కల పెట్టాలా, అడుగునా?

మట్టిబెడ్డ:
రెండుచోట్లా. అడుగువి నీరు దిగడానికి, పక్కవి గాలికి. వేలు పట్టేంత పెద్దవి చేయకండి, లోపలివైపు జాలీ అతికించండి.