నడుంనొప్పి ఉన్న అమ్మకు నొప్పిని బట్టి లక్ష్యం మార్చే నడక యాప్ ఉందా?

అమ్మకు 58 ఏళ్లు, ఏడాదిగా నడుంనొప్పి. కాళ్లలో తిమ్మిరి, బలహీనత లేవు. ఆపరేషన్ అక్కర్లేదు, నడవండి అన్నారు డాక్టరు. ఫోన్‌లో పెట్టిన కోచింగ్ యాప్ 3,000 అడుగులతో మొదలుపెట్టి, ప్రతి ఆదివారం లక్ష్యాన్ని తనే పెంచేస్తోంది. 5,000 దాటిన మర్నాడు పొద్దున లేవగానే నడుం పట్టేస్తుంది, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. ఆ భయంతో రెండు మూడు రోజులు అసలు కదలదు. అప్పుడు "వెనకబడ్డారు" అని మెసేజ్ వస్తుంది, పాపం ఇంకా దిగులుపడుతుంది.

సెట్టింగ్స్‌లో లక్ష్యం తగ్గించాను, ఆదివారం మళ్లీ పెరిగింది. నోటిఫికేషన్లు ఆపితే నడకే మానేసింది. పొద్దున, సాయంత్రం విడదీసి నడిపిస్తే పట్టేయడం తగ్గింది గానీ యాప్ లక్ష్యం అందడం లేదు. దీర్ఘకాలిక నడుంనొప్పికి వ్యాయామం మేలని 2023 డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాల్లోనూ ఉంది, అందుకే ఆపించాలని లేదు.

రోజూ నొప్పి ఎంతుందో అడిగి, దాన్నిబట్టి మర్నాటి లక్ష్యం మార్చే యాప్, వీలైతే తెలుగులో, మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా?