డూమ్‌కి సొంతంగా మ్యాప్ గీస్తున్నవాళ్లు: ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు?

ఇంప్_గుంటూరు

అందరికీ నమస్తే. అల్టిమేట్ డూమ్ బిల్డర్ అనే ఎడిటర్‌లో డూమ్ 2 షూటింగ్ గేమ్ కోసం ఒక మ్యాప్ (ఆటలో ఒక లెవెల్) గీస్తున్నాను. గదులు, తలుపులు, ఎర్ర కీ, నీలం కీ అన్నీ ఉన్నాయి. ఆడి చూస్తే మాత్రం చప్పగా ఉంది. తలుపు తీయడం, లోపలున్నవాటిని కాల్చడం, మళ్లీ ఇంకో తలుపు. ఇంకో తలనొప్పి ఏంటంటే, షాట్‌గన్ తీసుకోగానే మీదపడాల్సిన మాన్‌స్టర్లు రావడం లేదు. మ్యాప్ బయట ఒక డబ్బా గీసి అందులో పెట్టాను, టెలిపోర్ట్ గీత (దాటగానే ఇంకో చోటికి పంపేది) కూడా ఉంది. ఒక్కటీ కదలదు. మీ అనుభవాలు కూడా రాయండి, కొత్తవాళ్లకి పనికొస్తాయి.

సెక్టార్_సుబ్బు

ముందు ఆ డబ్బా సంగతి తేల్చేద్దాం. మాన్‌స్టర్ నిద్ర లేవాలంటే నిన్ను చూడాలి, లేదా నీ తుపాకీ మోత వినాలి. డబ్బాలో ఉన్నవాటికి నువ్వు కనబడవు. మోత ఒక సెక్టార్ (గీతలతో మూసిన నేల ముక్క) నుంచి దాన్ని ఆనుకున్న సెక్టార్‌లోకి పాకుతుంది. నీ డబ్బా దేన్నీ ఆనుకుని లేదు కదా, ఇక ఎలా వినబడుతుంది? గదిలో ఒక మూల చిన్న సెక్టార్ గీయి. దాన్నీ డబ్బానీ కలిపి సెలెక్ట్ చేసి జాయిన్ సెక్టార్స్ కొట్టు. మ్యాప్‌లో ఎంత దూరంగా ఉన్నా ఇంజిన్‌కి ఆ రెండూ ఒకటే సెక్టార్. మోత నేరుగా లోపలికి వెళ్లిపోతుంది. కాకపోతే నేల ఎత్తు, కప్పు ఎత్తు, వెలుతురు కూడా ఉమ్మడి అయిపోతాయి, చూసుకో.

తర్వాత గీత. టెలిపోర్ట్ లైన్‌డెఫ్ (ఎడిటర్‌లో గీతకి పేరు) ఒక వైపు నుంచి దాటితేనే పనిచేస్తుంది. ఎడిటర్‌లో గీత మధ్యలో చిన్న పుల్లలాంటి గుర్తు ఉంటుంది. అది మాన్‌స్టర్లు నిలబడ్డ వైపు ఉండాలి. ఆ గీతకి యాక్షన్ 126 (ఒక రకం టెలిపోర్ట్) పెట్టు, అది మాన్‌స్టర్లకి మాత్రమే పనిచేస్తుంది.

షాట్‌గన్ తీసుకున్నప్పుడే రావాలంటే, ఆ గీత ముందు ఒక సెక్టార్‌ని కప్పు దాకా లేపి అడ్డం పెట్టు. షాట్‌గన్ చుట్టూ వాక్‌ఓవర్ గీతలు (నడిచి దాటితే పనిచేసేవి) గీసి, దాటగానే ఆ అడ్డం దిగేలా ట్యాగ్ (గీతనీ సెక్టార్‌నీ కలిపే నంబరు) ఇవ్వు. ఆటగాడు అంతకు ముందే ఒక్కసారైనా కాల్చి ఉండాలి, కాబట్టి దారిలో ఒక జాంబీని నిలబెట్టు. మాన్‌స్టర్లకి యాంబుష్ టిక్ పెట్టి ఉంటే తీసేయ్. అది ఉంటే మోత విన్నా, కంటికి కనబడేదాకా కదలవు.

పాత_పీసీ

సుబ్బన్న డబ్బా సంగతి పూర్తిగా చెప్పేశాడు. నేను చప్పదనం గురించి రాస్తా.

తమ్ముడూ, నీ మ్యాప్ చూడకుండానే ఒక మాట అంటా, తప్పైతే చెప్పు: నేలంతా ఒకే ఎత్తులో ఉండి ఉంటుంది. డూమ్‌లో గది మీద గది కట్టలేం, నిజమే. ఎత్తుపల్లాలతోనే అంతా నడిపించాలి. మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఆటగాడి వెడల్పు 32 యూనిట్లు, కళ్లు నేలకి 41 యూనిట్ల ఎత్తులో ఉంటాయి, ఎక్కగలిగే మెట్టు 24. ఇప్పుడు 32 ఎత్తున ఒక అరుగు గీయి. అవతల ఏముందో కనబడుతుంది, ఎక్కడానికి మాత్రం కుదరదు. దాని మీద ఎర్ర కీ పెట్టు. ఆటగాడు ఇక దారి కోసం వెతకడం మొదలుపెడతాడు. అక్కడే ఒక ఇంప్‌ని కూడా నిలబెట్టు. 24 కంటే లోతున్న చోటికి అది తనంతట తాను దిగదు, పైనుంచి నిప్పు విసురుతూనే ఉంటుంది.

1993 నాటి మొదటి డూమ్‌లో మొదటి మ్యాప్ ఈ1ఎం1 మళ్లీ ఆడు. మొదలైన గదిలోనే కుడి వైపు కిటికీలోంచి బయట నీలం ఆర్మర్ కనబడుతుంది. దాని దగ్గరికి దారి చాలా ముందుకు వెళ్లాక, ఒక రహస్య తలుపు వెనక ఉంటుంది. బయట ఏదైనా కనబడితే ఆటగాడు అక్కడికి ఏదో ఒకలా చేరగలగాలన్నది డూమ్ మ్యాపులు గీసిన జాన్ రొమేరో పెట్టుకున్న నియమాల్లో ఒకటి. ఇంకోటి, నేల టెక్స్చర్ (పైన అతికించే బొమ్మ) మారితే ఎత్తు కూడా మారాలి. చిన్నదే అనిపిస్తుంది గానీ, పాటిస్తే గది కట్టినట్టు ఉంటుంది, రంగు పూసినట్టు ఉండదు.

కాకో_చెల్లెలు

ఎత్తులు సరే, వెలుతురు వదిలేశారు. సెక్టార్ వెలుతురు 0 నుంచి 255. పాత ఇంజిన్ దాన్ని 16 చొప్పున మెట్లుగానే చూస్తుంది, 160 బదులు 165 ఇస్తే తేడా ఏమీ కనబడదు. మార్చాలనుకుంటే ధైర్యంగా మార్చండి.

నేను ఎక్కువ తిప్పలు పడింది తూటాల లెక్కతో. ఇప్పుడు ముందే కాగితం మీద వేసుకుంటా. షాట్‌గన్ దెబ్బకి 7 గుళ్లు, అన్నీ తగిలితే సగటున 70 డ్యామేజ్. మాన్‌స్టర్ల ప్రాణం చూస్తే ఇంప్ 60, పింకీ 150, కాకోడెమన్ 400, హెల్ నైట్ 500, బారన్ 1000. అంటే బారన్‌కి దాదాపు 15 షెల్స్ (షాట్‌గన్ తూటాలు), అదీ ఒక్కటీ గురి తప్పకపోతే. షెల్స్ బాక్స్‌లో ఉండేవి 20. ఇద్దరు బారన్లని పెట్టి ఒక్క బాక్స్ ఇస్తే ఆటగాడు మనల్ని తిట్టుకుంటాడు. లెక్కలో వచ్చినదానికి ఇంకో సగం కలిపి ఇస్తా. షాట్‌గన్ పట్టుకున్న జాంబీలు చస్తూ 4 షెల్స్ వదులుతారు, అవీ లెక్కలో వేసుకోవాలి.

మన మ్యాప్ మనకి కంఠతా వచ్చేసి ఉంటుంది కాబట్టి అంతా ఈజీగా అనిపిస్తుంది. ఎవరు ఎక్కడ దాక్కున్నారో తెలియనివాళ్ల చేత ఆడించండి. పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడటమే కష్టం 😅

డల్లాస్_డెమన్

ఏ మ్యాప్ ఫార్మాట్‌లో గీస్తున్నావని ఎవరూ అడగలేదేంటి? మధ్యలో మార్చాలంటే నరకం. ఒరిజినల్ ప్రోగ్రామ్‌లో ఒకేసారి కనబడే విజ్‌ప్లేన్లు (నేల, కప్పు ముక్కలు) 128 దాటితే ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. 1997 డిసెంబర్‌లో డూమ్ సోర్స్ కోడ్ బయటికి వచ్చాక ఆ హద్దులు ఎత్తేసిన పోర్టులు (డూమ్ నడిపే కొత్త ప్రోగ్రామ్‌లు) చాలా వచ్చాయి. నా ఓటు వాటిలో బూమ్ అనే పోర్టు ఫార్మాట్‌కి. 2024లో వచ్చిన కొత్త డూమ్, డూమ్ 2 విడుదలలో కూడా బూమ్ మ్యాపులు నడుస్తాయి. ఏటవాలు నేలలు, రంగు దీపాలు కావాలంటే యూడీఎంఎఫ్ అనే ఫార్మాట్, కానీ అప్పుడు జీజెడ్‌డూమ్ లాంటి పోర్టులకే పరిమితం.

ఆట కొనకుండా ప్రయత్నించాలనుకునేవాళ్లకి ఫ్రీడూమ్ ఉంది, పూర్తిగా ఉచితం. షేర్‌వేర్ డూమ్ (ఉచిత నమూనా) మాత్రం బయటి వాడ్ ఫైళ్లని (మ్యాపులు ఉండేవి) తీసుకోదు.

పాత_పీసీ

డల్లాస్ బ్రో, మొదటి మ్యాప్‌కి రంగు దీపాలు ఎందుకు? మామూలు డూమ్ 2 ఫార్మాట్‌లోనే గీయమనండి. చేతికి పని అలవాటయ్యాక బూమ్‌కి వెళ్లొచ్చు.

డల్లాస్_డెమన్

దీపాలు వద్దు, ఒప్పుకుంటా. విజ్‌ప్లేన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోమనడం మాత్రం కొత్తవాళ్లకి శిక్షే.

ఇంప్_గుంటూరు

సుబ్బన్నా, జాయిన్ చేశాక కదిలాయి! పాత_పీసీ అన్నా, మీరన్నది నిజమే, నేలంతా సున్నా ఎత్తులోనే ఉంది. మెయిన్ హాల్‌ని మూడు మెట్ల ఎత్తుల్లో మళ్లీ గీస్తున్నా. ఇంకో డౌట్: డబ్బాలో ఎనిమిది ఇంప్‌లు ఉంటే ఒకటో రెండో వచ్చి మిగతావి ఆగిపోతున్నాయి. తర్వాత ఎప్పుడో తీరిగ్గా వస్తున్నాయి. మాన్‌క్యూబస్ (లావుపాటి మాన్‌స్టర్) అయితే అసలు రాదు.

సెక్టార్_సుబ్బు

దిగే చోట ఎవరైనా నిలబడి ఉంటే వెనకవాడు దిగలేడు. ఉన్నవాడిని చంపి దిగడం మాన్‌స్టర్లకి డూమ్ 2లో ఒక్క మ్యాప్30లోనే (30వ మ్యాప్) కుదురుతుంది. డబ్బాని రెండు మూడుగా విడగొట్టి, ఒక్కోదానికి వేరే ట్యాగ్, వేరే టెలిపోర్ట్ డెస్టినేషన్ ఇవ్వు. హాల్‌కి నాలుగు వైపులా దిగితే భయం కూడా బాగుంటుంది.

మాన్‌క్యూబస్ వెడల్పు 96. నీ డబ్బాలో సందు 64 గీసి ఉంటావు. 128 చెయ్యి. వాడ్ ఫైల్ ఎక్కడైనా పెట్టి లింక్ ఇవ్వు, ఈ ఆదివారం ఆడి చూస్తా.