1970 బ్యాంకాక్ కాంస్యం: పెద్ద విజయమా, పాత వైభవానికి తోకా?

మల్లేపల్లి మైదానం:
మన ఫుట్‌బాల్ మాటొస్తే అందరూ 1951 ఢిల్లీ, 1962 జకార్తా స్వర్ణాల దగ్గరే ఆగిపోతారు. 1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టును తలచుకునేవాళ్లే లేరు. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ, ముందు వరుసలో ఆడిన మహమ్మద్ హబీబ్ కూడా హైదరాబాదీయే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో పతకం రాలేదు. దీన్ని స్వర్ణాల పక్కన పెట్టాలా, వద్దా? పెట్టాలనే నేనంటాను.

కృష్ణా కరకట్ట:
రెండుసార్లు స్వర్ణం గెలిచినవాళ్లకు కాంస్యమంటే కిందికి దిగినట్టే, పాత వైభవానికి తోక లాంటిదే కదా అన్నా. సెమీస్‌లో బర్మా మీద 0-2తో ఓడాం. నాలుగేళ్లు తిరక్కుండా 1974 టెహ్రాన్ ఆసియా క్రీడల్లో చైనా మనకు ఏడు గోల్స్ కొట్టింది, మనం కొట్టింది ఒక్కటి. అభిమానం వేరు, లెక్క వేరు.

మల్లేపల్లి మైదానం:
లెక్కే చూద్దాం తమ్ముడూ. బర్మా 1966లో స్వర్ణం గెలిచిన జట్టు, 1970లో దక్షిణ కొరియాతో కలిసి మళ్లీ స్వర్ణం పంచుకుంది. వాళ్ల మీద ఓడటం సిగ్గుపడే సంగతి కాదు. ఇక జపాన్. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. బ్యాంకాక్‌లో ముందు ఆ జపాన్ మీదే 0-1తో ఓడాం. కొద్ది రోజులకే కాంస్యం కోసం మళ్లీ వాళ్లే ఎదురుపడ్డారు, ఈసారి 1-0తో గెలిచాం. అప్పట్లో మన దగ్గర చాలా టోర్నీల్లో 70 నిమిషాల ఆటే. ఆ అలవాటుతో వెళ్లి, వరుస మ్యాచ్‌ల తర్వాత 90 నిమిషాలు ఆడి, ఓడించిన జట్టునే ఓడించారు. తోక అంటే నేనొప్పుకోను.

నిజాం కాలేజీ బస్టాప్:
మా నాన్న కలకత్తాలో ఉద్యోగం చేసిన రోజుల్లో హబీబ్ ఆట చూశారు. అక్కడ ఆయన్ని ‘బడే మియాఁ’ అనేవాళ్లు. కాలి దగ్గర బంతి పోతే చేతులు ఊపి రిఫరీ వైపు చూసేవాడు కాదట, లాక్కున్నవాడి వెనకే పరిగెత్తి సగం మైదానం తరిమేవాడట. ఇప్పటికీ మా నాన్న ఆ పరుగు గురించి చెప్పేటప్పుడు కుర్చీలో ముందుకు జరుగుతారు.
ఇంకొకటి కూడా మర్చిపోతున్నారు. 1974లోనే బ్యాంకాక్‌లో మన కుర్రాళ్లు ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఇరాన్‌తో 2-2 డ్రా చేసి టైటిల్ పంచుకున్నారు. అందులోనూ మన హైదరాబాదీ షబ్బీర్ అలీ ఉన్నాడు.

కృష్ణా కరకట్ట:
యూత్ టైటిల్ సంగతి నాకు నిజంగా తెలియదు. కానీ అది వింటే ఇంకా బాధేస్తోంది. ఒకే ఏడాదిలో కుర్రాళ్లు ఆసియా విజేతలు, పెద్దవాళ్లకు ఏడు గోల్స్! అంటే ఆటగాళ్లు లేక కాదు, ఉన్నవాళ్లను పైకి తేవడం చేతకాక. కాంస్యాన్ని స్వర్ణాల పక్కన పెట్టను, ఆ మాట మీదే ఉన్నాను. తోక అన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

మల్లేపల్లి మైదానం:
అది చాలు తమ్ముడూ. నిజాం కాలేజీ గారూ, నాన్నగారిని ఓ రోజు కూర్చోబెట్టి ఆ మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. హబీబ్ 2023 ఆగస్టు 15న పోయారు. ఆ ఆట కళ్లతో చూసినవాళ్లు కూడా తగ్గిపోతున్నారు.